అందరూ వచ్చేదాకా

ఆ నియమం పెట్టించింది బట్టలకి రంగులద్దే రంగులాయనే. ఇంకెవరైనా పెట్టించి ఉంటే తప్పుకోవడానికి సందు దొరికేదేమో. తన నియమమే తనకి అడ్డొచ్చేసరికి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

క్రీస్తు మార్గం ఆ పట్నానికి కొత్తగా వచ్చిన రోజులవి. అందులో చేరినవాళ్ళకి గుడీ లేదు, గంటా లేదు. వారానికొక సాయంత్రం పెద్దమ్మ మేడమీద గదిలో కూడేవారు. ఆవిడ బట్టల వర్తకుడి భార్య. ఆయన పోయాక ఇల్లంతా వీళ్ళకే తెరిచిపెట్టింది. ఎవరికి ఉన్నది వాళ్ళు తెచ్చి, ఒకే బల్ల చుట్టూ కూర్చుని రొట్టె విరుచుకునేవారు. లోపల అన్నా, అక్కా అనే పిలుపులే. మెట్లు దిగాక ఎవరి హోదా వాళ్ళది.

పేచీ తిండి దగ్గరే వచ్చింది. తీరికున్నవాళ్ళు ముందొచ్చి మంచివన్నీ లాగించేసేవారు. రాళ్ళు కొట్టేవాళ్ళు పని దిగి వచ్చేసరికి గిన్నెలు బోసిగా ఉండేవి. రంగులాయనకి ఒళ్ళు మండింది. మనిషి ముక్కుసూటి, పైగా ప్రథమకోపి.

"అందరూ వచ్చేదాకా ఎవరూ రొట్టె ముట్టడానికి వీల్లేదు. ఇదీ చట్టం," అన్నాడు.

"చట్టాల మూట దించుకుని స్వేచ్ఛగా బతుకుదామనే కదయ్యా ఇక్కడికొచ్చాం," అంది పెద్దమ్మ. "మళ్ళీ ఇంకోటి నెత్తికెత్తుకోవడం ఎందుకు? పక్కవాడి ఆకలి గుర్తుంటే చాలదూ?"

"గుర్తుండటం లేదుగా! ఈ చెప్పులన్నని చూడు, ప్రార్థన అవకముందే దవడ ఆడుతోంది."

చెప్పులు కుట్టే ఆ పెద్దమనిషి నోట్లో ఉన్నది గబుక్కున మింగి నవ్వేశాడు. సరేనన్నారంతా.

మరుసటి వారం రంగులాయన ఉతికిన బట్టలు కట్టుకుని అందరికంటే ముందొచ్చాడు. రాళ్ళు కొట్టేవాళ్ళు కూడా దుమ్ము దులుపుకుని కూర్చున్నారు. "ఇక కానివ్వండి," అన్నాడు.

పెద్దమ్మ రొట్టె మీది గుడ్డ తియ్యలేదు. "ఇంకొకరు రావాలి. మీ ఇంట్లో మనిషి. మొన్ననే బాప్తిస్మం తీసుకుందిగా."

ఆమె రంగులాయన బానిస. ఆయన పసివాడుగా ఉన్నప్పుడు తండ్రి ఆమెని సంతలో కొనుక్కొచ్చాడు. అప్పటికి ఆమె కూడా చిన్నపిల్లే. ఈయన్ని చంకనేసుకుని తిప్పింది, ముద్దలు పెట్టింది. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి పని మందగించిందని, తెల్లారితే నూలు వ్యాపారికి అమ్మేస్తానని ఈయన మాటిచ్చేశాడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పోయేలోపు ఒక్కసారి ఆ బల్ల దగ్గర కూర్చోవాలని అడిగింది. పనయ్యాక చూద్దాంలే అన్నాడు.

"దానికి పనుంది," అన్నాడిప్పుడు.

"ఎవరు చెప్పారు?"

"నేనే."

చెప్పులన్న గోడవైపు తిరిగి నవ్వాపుకున్నాడు. "అయితే మనల్ని పస్తు పెట్టింది చట్టం కాదు, నువ్వేనన్నమాట!"

"అది కాదయ్యా, అందరూ అంటే..." అని మొదలుపెట్టాడు రంగులాయన. ఆ మాట ఎలా ముగించినా తన మెడకే చుట్టుకునేలా ఉంది. విసవిసా మెట్లు దిగి ఇంటికి నడిచాడు.

ఎర్ర రంగు తొట్టి కింద మంట ఎగదోసి ఉంది. వేడి రంగులో బట్టని కర్రతో కదుపుతూనే ఉండాలి. ఆపితే మరకలు కట్టి ఎందుకూ పనికిరాదు. ఒక కాలి మీదే బరువేసి ఆవిరిలో నిలబడి ఆమె కదుపుతోంది.

"పద, నీకోసం అందరూ కూర్చున్నారు."

"బట్ట పాడైపోద్ది దొరా."

అదీ నిజమే. ఆయన కాసేపు గొణుక్కుని, ఆమె చేతిలో కర్ర లాక్కున్నాడు. "నువ్వెళ్ళి తిను."

ఆమె వెళ్ళింది. ఆయన ఆ కర్ర పట్టి ఎన్నో ఏళ్ళయింది. కాసేపటికే జబ్బలు లాగేశాయి, కళ్ళు మండాయి. ఈ పని ఆమె రోజూ చేస్తోందని అప్పుడు తట్టి, సిగ్గేసింది. పోనీలే, ఈపాటికి తింటూ ఉంటుంది అనుకున్నాడు.

అంతలో వీధి తలుపు చప్పుడైంది. ముందు పెద్దమ్మ, వెనక కూరగిన్నెతో చెప్పులన్న, ఆ వెనక మిగతావాళ్ళు, అందరికంటే వెనక ఆమె. బల్ల తప్ప అన్నీ మోసుకొచ్చారు.

"తినలేదా?" అన్నాడు తెల్లబోయి.

"ఎలా తింటాం అన్నా? నువ్వు లేవుగా," అన్నాడు చెప్పులన్న. "నీ చట్టం నువ్వే మర్చిపోతే ఎలా?"

తొట్ల మధ్య నేలమీదే కూర్చున్నారు. పెద్దమ్మ రొట్టె విరిచింది. రంగులాయన వంతు వచ్చేసరికి ఆయన చేతులు రెండూ కర్రమీదే ఉన్నాయి. ఆమె కుంటుకుంటూ లేచి, ముక్క తుంచి నోటికి అందించింది. చిన్నప్పుడూ అలాగే పెట్టేది. అప్పుడు ఆమెని ఏమని పిలిచేవాడో, ఆ పిలుపు మానేదాకా నాన్న ఎన్ని దెబ్బలు కొట్టాడో గుర్తొచ్చి ఆయనకి ఏడుపొచ్చింది. ఆవిరికి కళ్ళు మండాయనడానికి వీల్లేకుండా, అందరి ముందూ ఏడ్చాడు.

తెల్లారి నూలు వ్యాపారి వచ్చాడు. "ఏదయ్యా మనిషి?"

"రాదు."

"మాటిచ్చావు కదా!"

"ఇచ్చాను. తప్పు మాట. ఆమె ఇక ఎవరి సొత్తూ కాదు. మా అక్క."

"నీకు అక్కెక్కడిదయ్యా?" అని వ్యాపారి వీధంతా వినబడేలా తిట్టిపోశాడు. రంగులాయన తలొంచుకుని విన్నాడు. ఎదురు చెప్పడానికి నోరు తెరిచేలోపు లోపల్నుంచి కేక వినిపించింది.

"తమ్ముడూ! కర్ర పట్టే వంతు నీది. బట్ట మరకలు కట్టేస్తోంది, తొందరగా రా!"