గుంతలో చల్లదనం

సౌదీలోని హుఫూఫ్ గ్యారేజీలో మధ్యాహ్నం రేకుల షెడ్డు ఉడికిపోతుంటే మస్తాన్ వలీ మాత్రం హాయిగా నిద్రపోతాడు. బండ్ల కింద పని చేయడానికి తవ్విన గుంతే ఆయన పడకగది. అందులో అట్టముక్క పరుచుకుంటే చల్లగా ఉంటుంది మరి. ఆయన గురకకు పైన పానాలు కదులుతున్నాయని అంజన్న ఏడిపిస్తుంటాడు. ఆయనది కడప, అంజన్నది జగిత్యాల. ఏసీ పని నేర్పిందీ, కొత్తలో ఇంటిమీద బెంగతో తిండి మానేస్తే బతిమాలి తినిపించిందీ ఆయనే. ఈ దేశంలో అంజన్నకు ఉన్న ఒక్కగానొక్క అన్న.

ఆరోజు ఆయన నిద్రపోతున్న గుంత మీద స్కూలు బస్సు ఆగి ఉంది. దాని ఏసీ పైపు మార్చాలి. అంతకుముందు లోపలి గ్యాసును మెషీన్‌తో సిలిండర్‌లోకి లాగాలి. ఆ మెషీనేమో తాపీగా నడిచే రకం. బడి వదిలే వేళవుతోందని డ్రైవర్ ఫయాజ్ ప్రాణం తోడేస్తున్నాడు.

సరే, మెషీన్ ఎందుకులే అనుకుని అంజన్న పైపు వదులు చేసేశాడు. గ్యాసు బుస్సుమంటూ బయటికొచ్చింది.

"అన్నా, నీకు ఫ్రీగ ఏసీ పెట్టిన. మంచిగ పండుకో," అని గుంతలోకి తొంగిచూసి నవ్వాడు కూడా, తెలివి తక్కువ మనిషి.

బుస్సుమనే చప్పుడు ఆగింది. కాసేపటికి గురకా ఆగింది.

"అన్నా!" అని అరిచాడు. పలుకు లేదు. లైటు వేసి చూస్తే పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆ గ్యాసు గాలికన్నా బరువైనది. నేరుగా గుంతలోకి దిగి, అడుగున పరుచుకుని, పీల్చుకోవాల్సిన గాలిని పైకి నెట్టేసింది.

ఫయాజ్ గుంతలోకి దూకబోయాడు. అంజన్న అతని చొక్కా పట్టి వెనక్కి లాగాడు. తనకూ దూకాలనే ఉంది, కాళ్లు ఆగడం లేదు. కానీ గుంతలో మనిషి పడిపోతే దూకొద్దని, ముందు లోపలికి గాలి పంపాలని నేర్పింది మస్తాన్ వలీయే.

టైర్లకు గాలి కొట్టే పైపు లాక్కొచ్చి అన్న ముఖం దగ్గరికి వదిలాడు. పెద్ద ఫ్యానును గుంత వైపు తిప్పాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తూనే ఫయాజ్, "కైసా ఆద్మీ హై తూ?" అని, నువ్వేం మనిషివిరా అన్నట్టు ఛీకొట్టాడు. అన్న పోతుంటే ఒడ్డున నిలబడి చూస్తున్నవాణ్ణి ఇంకేమనాలి?

చాలాసేపటికి, అంటే అంజన్న లెక్కలో ఒక జన్మకి, గుంతలోంచి దగ్గు వినిపించింది. గాలి ఆపకుండానే ఇద్దరూ దిగి ఆయన్ని మెట్ల మీదుగా బయటికి మోసుకొచ్చారు.

సాయంత్రం ఆసుపత్రిలో మస్తాన్ వలీ ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. అంజన్న మంచం పక్కన కూలబడి ఏడ్చేశాడు.

"గ్యాస్ ఇడ్సింది నేనే అన్నా. నవ్వుకుంట ఇడ్సిన. నువ్వు పోతున్నవని తెల్సి గూడ దూకలే. పైన్నే నిలబడ్డ."

మస్తాన్ వలీ మాస్కు పక్కకు జరిపి, చెయ్యి చాపి అంజన్న చెవి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగేలా మెలిపెట్టాడు.

"ఇది గ్యాసు ఇడిసినందుకు," అన్నాడు ఆయాసపడుతూ. "దూకింటే ఇద్దరం ఆ గుంతలోనే పండుకునింటాం కదరా నాయనా. నువ్వు పైన నిలబడినావు కాబట్టే నేనింకా నీ చెవి పట్టుకోగలిగినా."

నర్సు వచ్చి కోప్పడి మాస్కు సరిచేసింది. ఆయన మాట్లాడటం మానేశాడు గాని, అంజన్న తల మీద పెట్టిన చెయ్యి తీయలేదు.