ఫెయిలైనవాళ్ళ కుర్చీలు

రిజిస్ట్రారు గది ముందు వరండాలో తడిగుడ్డ పెడుతున్న పెద్దక్క చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. లోపల బల్లకి ఇవతల నిలబడ్డది ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలు పోయిన నాటినుంచీ ఆ పిల్లని పాలసీసా పట్టి, జడలు వేసి, జ్వరాలొస్తే కాపు కాచి పెంచింది తనే. పిల్ల పగలు బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది, సాయంత్రం ఈ యూనివర్సిటీలోనే క్లాసులకి వస్తుంది. వాళ్ళింట్లో ఈ గుమ్మం లోపలికి చీపురు లేకుండా వచ్చిన మొదటి మనిషి అదే.

"ఇక్కడ సంతకం పెట్టు. నా ఇష్టప్రకారం చదువు మానేస్తున్నాను, అంతే," అంటున్నాడు రిజిస్ట్రారు.

"నాకిష్టం లేదు సార్."

"ఇష్టం లేకపోయినా ఇష్టప్రకారమే అనాలమ్మా. ఫారం అలా ఉంది."

"ఒక్క పేపరేగా సార్ పోయింది. ఆ నెలంతా ఓవర్‌టైం వేశారు ఫ్యాక్టరీలో. మళ్ళీ రాస్తాను."

"రాసి మళ్ళీ పోతే? నువ్వు ఫెయిలైతే యూనివర్సిటీకి మార్కులు తగ్గుతాయి. నువ్వే మానేశావనుకో, అసలు ఫెయిలైనవాళ్ళే లేరు. అర్థమైందా? కమిటీ వచ్చేలోపు ఆలోచించుకో. సంతకం పెట్టకపోతే మేమే పేరు కొట్టేస్తాం, అప్పుడు ఇంకెక్కడా చేరడానికుండదు."

పిల్ల వెనకాల వరసలో ఆస్పత్రి ఆయా ఉంది, బస్సు డిపో మెకానిక్ ఉన్నాడు, చంటిదాన్ని చంకనేసుకున్న ఓ తల్లి ఉంది. అంతా సాయంత్రం క్లాసువాళ్ళే. అంతా పొద్దంతా పనిచేసి వచ్చినవాళ్ళే. కొందరు వాదించే ఓపిక లేక సంతకం పెట్టేసి, ఆ గీసిన పెన్ను కూడా మర్యాదగా వెనక్కిచ్చేసి వెళ్ళిపోయారు. పెద్దక్క తడిగుడ్డ బకెట్లో వేసి పిండింది. ఎంతసేపు పిండిందో, నీళ్ళు రావడం మానేసినా పిండుతూనే ఉంది.

ఈ మార్కుల గొడవ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. పూర్వం ప్రభుత్వం యూనివర్సిటీలకి డబ్బిచ్చేటప్పుడు పిల్లలెంతమంది, పంతుళ్ళెంతమంది అని చూసి ఇచ్చేది. అదీ ఏడుపుగొట్టుగానే ఇచ్చేదనుకోండి, అయినా ఇచ్చేది. తర్వాత ఎవరికి పుట్టిన బుద్ధో గాని, బాగా పనిచేసినవాళ్ళకి ఎక్కువ, చెయ్యనివాళ్ళకి తక్కువ అన్నారు. వినడానికి ఎంత బావుందో చూడండి! ఏటి ఒడ్డున పైన ఒక యూనివర్సిటీ, కింద ఒక యూనివర్సిటీ. ఎగువది, దిగువది. రెండింటికీ కలిపి ఒకటే మూట. పాసైనవాళ్ళ శాతం చూసి, లైబ్రరీలో కూర్చున్న జనాన్ని చూసి, గోడల సున్నం చూసి కమిటీ మార్కులేస్తుంది. ఎగువకి నాలుగు రాళ్ళు పెరిగాయంటే అవి దిగువ జేబులోంచి పోయినవే.

ఎగువలో ఊడ్చే ఆడవాళ్ళకి ఈ సంగతి మొదట్లో తెలీదు. తెలీకే కదా కిందటేడు దెబ్బ తిన్నారు. జీతాలు ఆలస్యమవుతున్నాయని, కమిటీ వచ్చే రోజే చీపుళ్ళు కింద పడేశారు. వాళ్ళమ్మల నాటినుంచీ వాళ్ళకి తెలిసిన పోరాటం అదొక్కటే. కంపు కొడితే దొరలు దిగొస్తారు. ఇదివరకు ప్రతిసారీ దిగొచ్చారు కూడా. ఈసారి కమిటీవాళ్ళు ముక్కుకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని మార్కులు కోసి చక్కాపోయారు. మార్కులు తగ్గాయి కాబట్టి డబ్బు తగ్గింది. డబ్బు తగ్గింది కాబట్టి ఊడ్చేవాళ్ళలో సగం మందిని తీసేశారు. మిగిలినవాళ్ళు రెండు భవనాల పని ఒక్క నడుంతో చేస్తున్నారు. ఆనాడు ముందు నిలబడింది పెద్దక్కే కనక, పని పోయినవాళ్ళు ఇప్పటికీ దారిలో ఎదురైతే మొహం తిప్పుకుంటారు.

అందుకే ఆ సాయంత్రం నీళ్ళ ట్యాంకు పక్క షెడ్డులో అంతా కూడినప్పుడు పెద్దక్క ఓ మూల తిరగేసిన బకెట్టు మీద కూలబడింది. సాయంత్రం క్లాసు పిల్లలొచ్చారు. వాళ్ళ సంఘంలో తిరిగే గడ్డం అబ్బాయి లేచాడు.

"కమిటీ రోజున సమ్మె చేద్దాం. గేటు మూసేద్దాం!"

"కూర్చో బాబూ, కూర్చో," అంది ఊడ్చేవాళ్ళలో ఒకామె. "మేం చేసి చూశాం. గేటు మూస్తే మార్కులు పోతాయి, మార్కులు పోతే మా మెడ మీదికొస్తుంది. నీకేం, గడ్డం గీసుకుంటే ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీ."

"అయితే నోరు మూసుకుని మార్కులు తెచ్చిపెడదామా?"

"తెచ్చిపెడితే తప్పేంటి? మనం బావుంటే నలుగురినీ మళ్ళీ పనిలోకి తీసుకుంటారు. దిగువవాళ్ళని చూడు, కిందటేడు మన డబ్బంతా వాళ్ళకే పోయింది. హాయిగా ఉన్నారు."

సరిగ్గా అప్పుడే షెడ్డు గుమ్మంలో ఓ లావుపాటి మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. చెమటలు కారుతున్నాయి.

"ఇక్కడ మెస్సులో వంటకి మనిషి కావాలేమో కనుక్కుందామని వచ్చానమ్మా. దిగువ యూనివర్సిటీ హాస్టల్లో వండేదాన్ని."

షెడ్డంతా గొల్లున నవ్వింది.

"ఏంటొదినా, గెలిచినోళ్ళు కదా మీరు, ఇటు దయచేశారేం?"

"మా డబ్బంతా తిని అరగలేదేమో, నడుద్దామని వచ్చింది!"

వంటామె చెప్పులు కింద పడేసింది. "ఏ డబ్బమ్మా? నాకు చూపించండి, కళ్ళకద్దుకుంటాను. మీకంటే ఎక్కువ మార్కులొచ్చాయని మా వాళ్ళు బాణసంచా కాల్చారు. ఆ మార్కులు మళ్ళీ పోకుండా ఉండాలంటే చదువు రానివాళ్ళు ఉండకూడదన్నారు. ఫెయిలైనవాళ్ళ చేత ఏవో కాయితాల మీద సంతకాలు పెట్టించి పంపేశారు. హాస్టల్లో సగం గదులకి తాళాలు. తినేవాళ్ళు లేనప్పుడు రెండు పొయ్యిలెందుకని ఒకటి ఆర్పేశారు. ఆ పొయ్యి నాది."

తర్వాత ఎవరూ నవ్వలేదు.

"గెలిచినా ఇదేనా?" అంది పెద్దక్క, మూలనుంచి.

"మరి ఓడితేనో?" అంది వంటామె.

"మావాళ్ళు సగం మంది పని పోయి ఇళ్ళల్లో ఉన్నారు."

"అయితే ఆ డబ్బంతా ఎవడు తిన్నట్టు?"

గడ్డం అబ్బాయి ఏదో చెప్పబోయాడు గాని పిల్ల చెయ్యడ్డం పెట్టింది. "ఎవరు తిన్నారో తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు అత్తా. మీ దగ్గర సంతకాలు పెట్టినవాళ్ళు ఎక్కడున్నారో నీకు తెలుసా?"

"ఎందుకు తెలీదూ? ఎవడు ఉప్పెక్కువ తింటాడో కూడా తెలుసు. అంతా ఊళ్ళోనే ఉన్నారు, కూలికి పోతున్నారు."

"పిలిస్తే వస్తారా?"

అక్కణ్ణుంచి మొదలైంది వాదన. పిల్ల చెప్పినది ఇదీ: సమ్మె వద్దు, చెత్త వద్దు, గేటు మూయొద్దు. కమిటీ వచ్చిన రోజు యూనివర్సిటీ అంతా అద్దంలా పెడదాం. కాకపోతే వాళ్ళు దాచిన మనుషుల్ని దాచనివ్వకుండా తీసుకొచ్చి లైబ్రరీ కుర్చీల్లో కూర్చోబెడదాం. ఎగువలోనూ, దిగువలోనూ. ఇద్దరూ ఒకేలా ఉంటే ఎవరికి ఎక్కువిస్తారు, ఎవరికి కోస్తారు?

"వాళ్ళు కూర్చోకపోతే? మనం మునుగుతాం, వాళ్ళు మన నెత్తి మీదెక్కి ఒడ్డుకి పోతారు," అన్నారొకరు.

వంటామె ఒట్టు పెట్టలేదు. "నేను తిరుగుతాను. అడుగుతాను. ఎంతమంది వస్తారో నాకు తెలీదు తల్లీ," అంది. పెద్దక్కకి ఆ మాట నచ్చింది. అయినా ఇంటికి పోతూ దారిలో పిల్లతో అంది, "నాకు ఓపిక లేదే. ఓసారి కాలింది. నువ్వు ఏదో రకంగా చదువుకుంటే చాలు నాకు."

"ఏదో రకంగా అంటే ఏ రకంగా పెద్దమ్మా?" అంది పిల్ల. పెద్దక్క మోకాళ్ళు పట్టుకుంటూ నడిచింది.

కమిటీ ముందుగా ఎగువకి, ఆ మర్నాడు దిగువకి అని తేలింది. ముందురోజు ఊడ్పుపని కాంట్రాక్టరు తాలూకు మేస్త్రి వచ్చి ఊడ్చేవాళ్ళందరికీ కొత్త పురమాయింపు ఒకటి చేశాడు. సంతకాలు పెట్టించి జనాన్ని తోలేసరికి లైబ్రరీ బోసిపోయింది కదా! అందుకని పొద్దున్నే పని ముగించి, శుభ్రంగా స్నానాలు చేసి, మంచి బట్టలు కట్టుకుని వీళ్ళే పెద్ద హాల్లో పుస్తకాలు తెరిచి కూర్చోవాలట.

"చదువు రానివాళ్ళం ఏం చెయ్యాలి మేస్త్రీ?"

"పేజీలు తిప్పండి. మరీ గబగబా తిప్పకండి."

"నిద్రొస్తే?"

"చదువుకునేవాళ్ళకి నిద్రొస్తుందే, ఫరవాలేదు. గురక పెట్టకండి చాలు."

మర్నాడు హాలు ఎంత శుభ్రంగా ఉందంటే నేల మీద కిటికీలు కనబడుతున్నాయి. హాలు తాళాలు ఊడ్చేవాళ్ళ దగ్గరే ఉంటాయి. చెత్త బయటికి పోయే వెనక తలుపు పెద్దక్క తెరిచింది. ఆస్పత్రి ఆయా వచ్చింది, మెకానిక్ వచ్చాడు, చంటిదాని తల్లి వచ్చింది. సంతకాలు పెట్టినవాళ్ళు, పెట్టనివాళ్ళు, కిందటేడు పని పోయిన ఊడ్పువాళ్ళు కూడా కొందరొచ్చారు. మొహాలు తిప్పుకునే తిరిగేవాళ్ళు, తిప్పుకునే వచ్చి కూర్చున్నారు. కుర్చీలు నిండాయి. పెద్దక్క ఓ కుర్చీలో కూర్చుని ఏదో పుస్తకం తెరిచింది. ఇన్నేళ్ళూ ఆ కుర్చీల కింద ఊడ్చింది గాని, ఒక్కదానిలోనైనా కూర్చోలేదు. మెత్తగా లేదు. నడుం పట్టేస్తోంది. ఇందులో ఇన్ని గంటలెలా కూర్చుంటారో ఈ పిల్లలు అనుకుంది.

కమిటీ వచ్చింది. రిజిస్ట్రారు నవ్వుతూ తలుపు తీశాడు. "మా విద్యార్థుల శ్రద్ధ చూడండి..."

పిల్ల లేచి నిలబడింది.

"నేను ఈ ఏడు ఫెయిలయ్యాను. మానేస్తున్నానని సంతకం పెట్టమన్నారు. నేను మానలేదు. రాసుకోండి."

"నేనూ ఫెయిలయ్యాను," అని లేచాడు మెకానిక్. "రాసుకోండి."

"నా చేత సంతకం పెట్టించారు. నేనూ ఉన్నాను, రాసుకోండి!"

ఒక్కొక్కరే లేస్తున్నారు. కుర్చీలు గరగరమంటున్నాయి. ఊడ్చేవాళ్ళు లేచారు. "మేం చదువుకునేవాళ్ళం కాదు, ఊడ్చేవాళ్ళం. మమ్మల్ని చదువుకుంటున్నట్టు కూర్చోబెట్టారు. అదీ రాసుకోండి!"

కమిటీలో ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాపం, ఆయనా అలిసిపోయినట్టే ఉన్నాడు. "రాసుకోడానికి మా కాయితంలో చోటు లేదమ్మా," అన్నాడు.

"అయితే చోటు చేసేదాకా కూర్చుంటాం," అంది పిల్ల. అంతా మళ్ళీ కూర్చున్నారు.

పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. లాఠీలు తిప్పారు. ఆయా నుదురు చిట్లింది, గడ్డం అబ్బాయి చెయ్యి విరిగింది. రెక్కలు పట్టి ఈడ్చుకుపోయి వ్యానుల్లో పడేశారు. చంటిదాని ఏడుపు ఒక్కటే చివరిదాకా వినబడింది.

సాయంత్రం స్టేషనుకి రిజిస్ట్రారే వచ్చాడు. ఆడవాళ్ళని పెట్టిన గది ఊచల దగ్గర నిలబడి పెద్దక్కని పిలిచాడు. ఇప్పుడు గొంతు మెత్తగా ఉంది.

"నువ్వు పాతమనిషివి. పిల్ల జీవితం పాడవుతుంది. మీ షెడ్డుకి వంటామె ఎవరో వచ్చిందటగా, దిగువవాళ్ళు ఆమెని పంపి మిమ్మల్ని రెచ్చగొట్టారని ఒక్క మాట రాసివ్వండి. పిల్ల సీటు ఉంటుంది, నీ పనీ ఉంటుంది. రేపు కమిటీ దిగువకి వెళ్ళేలోపు కావాలి. లేకపోతే పొద్దున్నే పేరు తీసేస్తాం."

పెద్దక్క ఊచలు పట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకి ఒప్పుకోవాలనే ఉంది. ఒక్క మాట. ఎవరో ఒకావిడ మీద ఒక్క మాట. పిల్ల మళ్ళీ ఆ మెట్లెక్కుతుంది.

"ఒప్పుకోవే," అంది వెనక్కి తిరిగి. "నువ్వు చదువుకో. మిగిలింది మేం చూసుకుంటాం."

"మనం అలా రాసిస్తే రేపు దిగువలో ఎవరు కూర్చుంటారు పెద్దమ్మా?"

"ఎలాగూ కూర్చోరేమోనే! మనం పడ్డాం, వాళ్ళకి మూట దొరికింది. వాళ్ళు మాత్రం మనుషులు కాదా?"

"కూర్చోకపోతే కూర్చోరు," అంది పిల్ల. "మనం రాసిచ్చిన మాట వల్ల మాత్రం వాళ్ళు లేవకూడదు."

పెద్దక్క ఆ పిల్ల మొహం కేసి చూసింది. తర్వాత రిజిస్ట్రారు వైపు తిరిగింది.

"మా పిల్ల ఇష్టం లేదంటోందయ్యా," అంది.

ఆయన వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున పిల్ల పేరు కొట్టేసిన కబురు మేస్త్రి తెచ్చాడు. ఊడ్చేవాళ్ళెవరినీ ఇక రావద్దన్నారని కూడా చెప్పాడు. పెద్దక్క విన్నది, తలూపింది, గోడకి చేరగిలబడింది. ఏడుపు కూడా రాలేదు. పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఎండ ఊచల మీదనుంచి నేల మీదకి దిగి, మెల్లగా గోడెక్కింది. దిగువనుంచి ఏ కబురూ లేదు.

ఎండ వాలుతుండగా బయట వ్యాను ఆగిన చప్పుడైంది. దాని వెనక ఇంకోటి. ఎవరో తిట్టడం, ఎవరో దగ్గడం, బోలెడు కాళ్ళ చప్పుడు. గది తలుపు తెరిచి ఓ గుంపుని లోపలికి నెట్టారు. ముక్కూ మొహం తెలియని ఆడపిల్లలు, ఆడవాళ్ళు. ఒకామె బట్టలు చిరిగి ఉన్నాయి. అందరికంటే వెనకాల ఆయాసపడుతూ వంటామె వచ్చింది. పెదవి వాచి ఉంది.

"అందరూ రాలేదమ్మా," అంది, అదే తన తప్పయినట్టు. "సగమే వచ్చారు. హాలు నిండలేదు. వచ్చినవాళ్ళు మాత్రం లేవలేదు."

గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. పిల్ల లేచి కూర్చుంది. పెద్దక్క మోకాళ్ళు ముడుచుకుని, గోడవారగా జరిగింది.

"రా ఒదినా, కూర్చో," అంది. "ఇక్కడ చోటుందిలే."