సీట్లో ఇసుక సంచులు

“తోక ఆడిస్తోందిరా బామ్మర్దీ నీ కారు,” అన్నాడు బావ హెల్మెట్ తీస్తూ. “ఎడమ మలుపు తిరిగితే చాలు, నన్ను బయటికి గెంటేస్తోంది.”

రేసు కారు మేస్త్రికి ఒళ్లు మండింది. అక్క మొగుడు కాబట్టి సరిపోయింది గానీ, ఇంకెవరైనా అయితే చేతిలో స్పానరు విసిరేసేవాడే. స్ప్రింగులు మార్చాడు. కుదుపులు ఆపే డాంపర్లు బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. షెడ్డులో నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు పెట్టి చూస్తే కారు బుద్ధిగా నిలబడుతుంది. ట్రాక్ ఎక్కగానే దానికి దయ్యం పడుతుంది.

“కారు బాగానే ఉంది. నీ చేతులే బాగాలేవు,” అనేశాడు.

బావ నవ్వి ఊరుకున్నాడు. ఒక మాటంటే పది మాటలు అప్పజెప్పే మనిషి ఊరుకున్నాడంటే అప్పుడే అనుమానం రావాలి. రాలేదు మన మహానుభావుడికి.

అసలు సంగతి ఆ తూకంలోనే ఉంది. రేసు కారును తూచేటప్పుడు నడిపేవాడు సీట్లో ఉండాలి. మనిషి బరువు లేకుండా స్ప్రింగులు సరిచేస్తే ఆ శ్రమంతా దండగ. కానీ బావ ఒకచోట కుదురుగా కూర్చునే రకమా! కాళ్లు ఊపుతాడు, ఫోన్లు మాట్లాడతాడు, జోకులేసి తనే నవ్వుతాడు, పలకల మీద అంకెలు గంతులేస్తాయి. విసిగిపోయిన మేస్త్రి ఆయన బరువుకు సరిగ్గా ఇసుక తూచి రెండు కాన్వాసు సంచుల్లో పోయించాడు. డెబ్బై ఎనిమిది కిలోలు. ఒకటి సీట్లోకి, ఒకటి కాళ్ల దగ్గరికి. సంచులు కుట్టింది అక్కే. “ఆయనకంటే ఇవే నయంరా, చెప్పిన మాట వింటాయి,” అంది అప్పట్లో. ఆ తరువాత బావను ఎవరూ తూచలేదు. తూకానికి ఎప్పుడూ ఆ సంచులే కూర్చున్నాయి.

ఆ మధ్యాహ్నం అక్క భోజనం డబ్బా తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది.

“నీకు పుణ్యముంటుంది తమ్ముడూ, ఆయన్ని ఇక తిననివ్వు.”

“నేనేం చేశానక్కా?”

“ఏం చేశావా? బరువు తగ్గితేనే కారు మాట వింటుందని నువ్వే అన్నావట కదా! రెండు ముద్దలు తిని కంచం తోసేస్తున్నాడు. రేసు బట్టలు ఇప్పటికి రెండుసార్లు బిగించి కుట్టాను. మీ గెలుపు పిచ్చి తగలెయ్య, మనిషిని మిగలనిస్తారా లేదా?”

మేస్త్రి ఆ మాట ఎన్నడూ అనలేదు. నోటిదాకా వచ్చింది మింగేసి, “సరేలే, నేను చెప్తాగా,” అని ఆమెను పంపేశాడు. వెంటనే సంచులు కిందికి దించి బావను కేకేశాడు.

“ఎక్కు. కదిలావంటే ఊరుకోను.”

బావ కదల్లేదు. అంకెలు కూడా కదల్లేదు. పద్నాలుగు కిలోలు తక్కువ! పలకలు చెడ్డాయేమోనని ఆయన్ని దింపి సంచులు పెట్టి చూశాడు. పలకలు సరిగ్గానే ఉన్నాయి. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, మేస్త్రికి మొదట కలిగింది ఊరట. తప్పు తన చేతిది కాదు. ఆ తరువాతే బావ ముఖంలోకి చూశాడు.

“ఏంటి బావా ఇది?”

“కడుపులో గడ్డరా,” అన్నాడు బావ. “వెంటనే ఆసుపత్రిలో చేరమన్నాడు డాక్టరు. చేరితే మళ్లీ ఈ సీట్లోకి రాను, అది నాకు తెలుసు. ఈ నెల రేసు ఒక్కటీ కానీ. మర్నాడే వెళ్తాను, ఒట్టు.”

“అక్కకి?”

“చెప్పావంటే ఇప్పుడే జుట్టు పట్టుకుని లాక్కెళ్తుంది. మీ అక్క సంగతి నీకు నేను చెప్పాలా?”

నిజానికి లాక్కెళ్లాల్సిందే. మేస్త్రి మాత్రం చిప్ప తీసుకుని సంచుల్లోంచి ఇసుక తోడాడు. కొత్త బరువుకు స్ప్రింగులు సరిచేశాడు. చిక్కిపోయిన ఆ చేతులు నొవ్వకుండా స్టీరింగు తేలిక చేశాడు, వెనక వైపు స్ప్రింగులు మెత్తబరిచాడు. జబ్బు మనిషికి సరిపడేలా కారును తయారుచేశాడు, అంతకుముందెప్పుడూ అంత శ్రద్ధగా పనిచేయలేదు.

రేసులో కారు గీత గీసినట్టు పోయింది. రెండో స్థానం! బావ దిగి మేస్త్రిని కావలించుకున్నాడు. భుజాల ఎముకలు గుచ్చుకున్నాయి.

“ఇదిరా కారంటే! పై నెల ఇంకొక్కటుంది. ఇంత కుదిరాక ఎలా వదిలెయ్యమంటావు?”

“ఒట్టేశావు బావా.”

“ఒక్కటేరా. నా తండ్రివి కదూ.”

కాదనలేకపోయాడు వెధవ. మళ్లీ తూచాడు. మరో నాలుగు కిలోలు తగ్గాయి. మళ్లీ చిప్ప అందుకున్నాడు.

ఆ రేసు జరిగింది గానీ బావ నడపలేదు. హెల్మెట్ పెట్టుకుంటూ షెడ్డులోనే కూలబడిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. రెండు నెలల ముందు తెచ్చుంటే కోసి తీసేసేవాళ్లం, ఇప్పుడు నొప్పి తెలియకుండా చూడటమే, అన్నాడు. బావ మంచం పక్కన బల్ల మీద అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

“నిన్ను అనరాని మాటలన్నానురా,” అంది. “తిండి మాన్పించావని. నాకో కథ చెప్పి, నీకేమీ చెప్పక ఇద్దర్నీ ఏమార్చాడు ఈయన. నీకు తెలిసుంటే ఒక్క పూట ఆగేవాడివా? భుజాన వేసుకుని తెచ్చేవాడివి.”

మేస్త్రి చెప్పేద్దామనుకున్నాడు. అంతలో నర్సు వచ్చింది.

“ఈయన బరువెంతండీ? మందు బరువును బట్టి ఇవ్వాలి. లేపి తూచేలా లేరు.”

“అరవై,” అన్నాడు మేస్త్రి టక్కున. “మొన్నటికి సరిగ్గా అరవై.”

నర్సు రాసుకుని వెళ్లిపోయింది. అక్క తలెత్తి తమ్ముడి ముఖంలోకి చూసింది. ఆ తరువాత అతని చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.

“ఎప్పటి నుంచి తూస్తున్నావురా?” అని అడిగింది.