ఆరో మాట

జగదల్‌పూర్ రైల్వే కాలనీ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ సంఘాలు నాలుగు. బాప్తిస్మమని పసిబిడ్డ నుదుట నీళ్లు చిలకరించేవారు ఒకరు. పెద్దయ్యాక ఏట్లో నిలువునా ముంచేవారు ఒకరు. ముంచినా సరే, మెళ్లో గొలుసు తియ్యకపోతే ఆ ముంచడం చెల్లదనేవారు ఒకరు. ఈ ముగ్గురికీ పరలోకం లేదే అని మనస్ఫూర్తిగా బాధపడేవారు ఇంకొకరు. ఈ నాలుగు సంఘాలూ ఏకమై, ఈ ఏడు గుడ్ ఫ్రైడే ఆరాధన ఒకే పందిరి కింద జరపాలని తీర్మానించాయి. తీర్మానానికి ఒక పూట పట్టింది. బ్యానరు మీద ఎవరి పేరు ముందుండాలో తేలడానికి నెల పట్టింది. ఎవరూ ముందు కాకుండా పేర్లన్నీ గుండ్రంగా వేయిస్తే, గుండ్రంలో పై భాగాన ఎవరున్నారని మరో వారం నడిచింది.

సిలువ మీద ప్రభువు పలికినవి ఏడు మాటలు. మాటకొకరు చొప్పున ఏడుగురు ప్రసంగించాలి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా. అంతసేపూ మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం. మొదటిది క్షమాపణ మాట కనుక అందరికీ అదే కావాలి; క్షమించడం గురించి చెప్పడానికి కొట్లాటంత పనయింది. చివరికి చీటీలు వేశారు. ఐదోది, దాహం మాట, ముంచే సంఘం పెద్ద జాన్‌బాబుకి వచ్చింది. ఆరోది, అంతా ముగిసిందనే మాట, చిలకరించే సంఘం పెద్ద ఇమ్మానుయేలుకి వచ్చింది. ఇద్దరూ అన్నదమ్ములే.

ఆ చీటీ విప్పి చూసి ఇమ్మానుయేలు జేబులో భద్రంగా దాచుకున్నాడు. ఇరవై ఏళ్ల కిందట జాన్‌బాబు ఇంద్రావతి ఏట్లో మళ్లీ బాప్తిస్మం తీసుకుని, తడిబట్టలతోనే ఇంటికొచ్చి, "నువ్విప్పించింది బాప్తిస్మం కాదు నాన్నా, తల తడపడం" అన్నాడు తండ్రి తాతబాబుతో. ఆ ముసలాయన మళ్లీ ఆ కొడుకు ఇంట్లో మెతుకు ముట్టకుండానే పోయాడు. అప్పటి నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఇప్పుడు దేవుడే చీటీ రూపంలో దారి చూపించాడు. ప్రసంగం చివర తమ్ముడి వైపు తిరిగి, "తమ్ముడా, మన తగువు ఇవాళ్టితో ముగిసింది, నిన్ను క్షమించాను" అనాలి. 'తమ్ముడా' తరవాత ఎంతసేపు ఆగాలో, ఆడవాళ్లు కళ్లొత్తుకోడానికి కొంగులు ఎక్కడ తీస్తారో, అన్నీ అనుకున్నాడు. నెల రోజులు స్నానాల గదిలో సాధన చేశాడు.

"ఏటండీ, లోపల ఎవరితో మాటాడతన్నారు?" అంది భార్య కల్యాణి, తలుపు తట్టి.

"ప్రభువుతోనే."

"ఆయనకి సెవుడా? అంత గట్టిగా అరస్తన్నారు."

శుక్రవారం పందిరి నిండింది. ఎండ రేకుల మీంచి దిగి మెడల మీద కూర్చుంది. నాలుగింటిలోకీ పెద్ద సంఘం పాస్టరు యేసుపాదం అధ్యక్షుడు. ఏడో మాట తనదే. మొదటి ప్రసంగీకుడు క్షమాపణ మీద ముప్పావుగంట మాట్లాడాడు, అందులో సగం సినిమాలకి వెళ్లేవాళ్లని క్షమించకూడదని. రెండో ఆయన మొదటి ఆయన వదిలేసిన దోషాలు సరిదిద్దాడు. మూడో ఆయన రెండో ఆయన్ని. నాలుగో మాట ముగిసేసరికి మూడు కావడానికి పావుగంట కూడా లేదు.

"జల్దీ కానియ్యండి బ్రదర్," అని యేసుపాదం జాన్‌బాబు చెవిలో అన్నాడు, మైకులో అందరికీ వినిపించేలా. "మీరిద్దరూ చెరి అయిదు నిమిషాలు."

ఇమ్మానుయేలు గడియారం చూసుకున్నాడు. వీడు తన అయిదూ తాగి నా అయిదూ తాగుతాడు, అనుకున్నాడు. చిన్నప్పుడు నా బెల్లం ముక్క కూడా తినేసినవాడే కదా. క్షమించబోయే మనిషి మీద అంత కసి ఎలా పుట్టిందో ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

జాన్‌బాబు లేచాడు. ఎండిన పెదాలు తడుపుకున్నాడు.

"ప్రభువు దాహమన్నాడు," అన్నాడు. "అప్పుడాయనకి గుక్కెడు మంచినీళ్లు ఇచ్చినోడు లేడు. ఎనకాల డ్రమ్ముల్లో మూడింటికని పెట్టిన మజ్జిగుంది. ముసిలోళ్లు తూలిపోతన్నారు, సిన్నపిల్లలు ఏడస్తన్నారు. ఎల్లి తాగండి. నా పెసంగం అంతే."

ముందు వరసలో ఒక ముసలమ్మ లేచింది. తరవాత కుర్చీలు కదిలిన చప్పుడు వాన మొదలైనట్టు వచ్చింది. చిలకరించేవారూ, ముంచేవారూ, గొలుసులున్నవారూ, లేనివారూ ఒక్క తోపులో డ్రమ్ముల మీద పడ్డారు. వేదిక మీది మిగతా ప్రసంగీకులు కూడా, అధ్యక్షుడితో సహా, జనాన్ని క్రమశిక్షణలో పెట్టడానికని దిగి, గ్లాసులు అందుకున్నారు. నాలుగు సంఘాలు నెలల తరబడి సాధించలేని ఐక్యత చిటికెలో కుదిరింది.

ఇమ్మానుయేలు మైకు ముందు నిలబడి చూశాడు. ఎదురుగా ఖాళీ కుర్చీలు. పక్కన ఒక్కడే మిగిలాడు, జాన్‌బాబు.

"సెప్పన్నయ్యా," అన్నాడు జాన్‌బాబు. "నేనింటన్నాను."

ఇరవై ఏళ్ల తరవాత అన్నయ్యా అన్నాడు. ఆ వాక్యం ఇమ్మానుయేలు నాలుక చివరే ఉంది. దాన్ని వినవలసిన మనిషి మూరెడు దూరంలో, చొక్కా తడిసి, ముఖం వాడి, నిజంగానే ఎదురుచూస్తున్నాడు. కానీ వాక్యం బయటికి రాలేదు. వెతికి చూసుకుంటే అందులో తమ్ముడెక్కడా లేడు. కొంగులున్నాయి, నిశ్శబ్దం ఉంది, 'ఎంత పెద్ద మనసండీ' అనే గుసగుస ఉంది. ఇన్నాళ్లూ క్షమాపణ అని మోసుకొచ్చింది మడతపెట్టిన శాలువా. కప్పుకోవడానికి జనం కావాలి. ఇదంతా అతనికి స్పష్టంగానే తెలిసింది. తెలిసినా, నోరు తన పని తాను చేసింది.

"జనాన్ని రానీరా."

జాన్‌బాబు అతని వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో; ఎండలో నిలబడి రాని బండి కోసం చూసినవాడి అలసట ఉంది.

"నాకు సెప్పేదైతే ఇక్కడే ఉన్నాను. ఆళ్లకి సెప్పేదైతే ఆళ్లొచ్చాక సెప్పుకో," అని మెట్లు దిగి, మజ్జిగ వరసలో వెనకాల నిలబడ్డాడు.

మూడయింది. జనం మూతులు తుడుచుకుంటూ ఆటోల వైపు నడుస్తున్నారు. కల్యాణి మరిదికి గ్లాసు అందిస్తోంది. ఇమ్మానుయేలు మైకుని వేలితో రెండుసార్లు కొట్టి, "హలో, హలో" అన్నాడు.