వెళ్ళొస్తానన్న మాట

పరాయి దేశం వచ్చాక ఆమె భర్తకు నీడలా తయారైంది. వీధి చివర కూరల కొట్టుకు వెళ్ళాలన్నా ఆయన తోడు రావాల్సిందే. పుట్టింట్లో నోరూ కాలూ ఆగవని పేరు తెచ్చుకున్న మనిషికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?

ఉన్నంతలో ఆమె పనిచేసే కుట్టు దుకాణమే నయం. అక్కడ జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం ఆమె పని. పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆవిడకు ఆమె 'కొలబద్ద' అని పేరు పెట్టుకుంది. అడిగినదానికి అడిగినంతే జవాబు, ఒక్క మాట ఎక్కువ రాలదు. ఆ కొలబద్దే ఒకరోజు, "ఆదివారం అడవికి పోతున్నాను, వస్తావా?" అంది. ఈ దేశంలో ఆమెను రమ్మని పిలిచిన మొదటి మనిషి! ఈ ఒక్క స్నేహమైనా చేజారకూడదని ఆమె తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

అడవి వాళ్ళ వీధి దాటగానే మొదలవుతుంది. లోపలికి నాలుగడుగులు వేశారో లేదో, వాగు అడ్డొచ్చింది. దాటడానికి దుంగ ఒకటే ఆధారం. కొలబద్ద చకచకా దాటేసింది. ఆమె మాత్రం దుంగ మీద ఒక కాలు పెట్టి వెనక్కి తీసుకుంది. ఇంట్లో పని గుర్తొచ్చిందని అబద్ధం అల్లేసింది. మన నోటికి 'పోతున్నాను' అనే మాట రాదు కదా, 'వెళ్ళొస్తాను' అన్నదాన్నే పొల్లు పోకుండా ఆ దేశపు భాషలోకి దింపింది. అవతలి గట్టు నుంచి కొలబద్ద ఏదో చెప్పింది: చెట్లకు దారి చూపే ఎర్ర గుర్తులు, గుట్ట పైన పిట్ట గూడు. సగమే అర్థమైనా ఆమె గట్టిగా తలూపి ఇంటికి వచ్చిపడింది.

ఇల్లు చేరేసరికి వాన మొదలైంది.

"అప్పుడే వచ్చేశావే? ఏమని చెప్పొచ్చావు?" అన్నాడు భర్త.

చెప్పింది. ఆయన ముందు పకపకా నవ్వి, ఠక్కున ఆగాడు.

"మళ్ళీ వస్తానని చెప్పినట్టయింది కదే! ఆవిడ అక్కడే కూర్చుని ఉంటుంది."

"ఇంత వానలోనా?"

"కొలబద్ద అని పేరు పెట్టింది నువ్వేగా."

ఆయన బూట్ల కోసం మంచం కింద దూరేలోపే ఆమె గొడుగు పట్టుకుని వీధిలో పడింది.

నిలబడి దాటే ధైర్యం లేదు. దుంగ మీద కూర్చుని, జరుగుతూ జరుగుతూ దాటింది. బట్టలు నాశనమయ్యాయి, కానీ ఇప్పుడెవరు చూడొచ్చారు? చెట్టు చెట్టుకూ ఎర్ర గుర్తు వెతుక్కుంటూ గుట్ట ఎక్కింది. ఒకచోట గుర్తు తప్పింది, వెనక్కొచ్చి మళ్ళీ పట్టుకుంది. మానుల మీద నాచు చేతికి తడి దూదిలా తగిలింది. భయంలోనూ బాగుందే అనిపించింది.

పైన పెద్ద చెట్టు కింద కొలబద్ద తడిసి ముద్దయి కూర్చుని ఉంది.

"వచ్చావు," అంది.

ఆమె వచ్చీరాని భాషలో తప్పు ఒప్పుకుంది. "మా వైపు వెళ్ళేటప్పుడు అలాగే అంటాం. అంతేగానీ..."

కొలబద్ద అంతా విని, మొదటిసారి నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడింది. "దుంగ చూసి భయపడ్డావని తెలుసు. దిగొచ్చి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. కానీ వస్తానని నువ్వే అన్నావు. నేను దిగొస్తే నీ మాట నమ్మనట్టు అవుతుంది."

తనే నమ్మని మాటను ఈవిడ వానలో కూర్చుని మరీ నమ్మింది! ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే ఎక్కడలేని గర్వమూ వచ్చింది. నిజమే, వచ్చింది కదా మరి, ఒక్కతే!

వాన తెరిపిచ్చింది. కొలబద్ద చూపించిన తొర్రలోంచి వడ్రంగిపిట్ట ఎర్రటి తల బయటపెట్టింది. ఇద్దరూ మెడలు నొప్పెట్టేదాకా చూశారు.

కింద నుంచి భర్త కేకలు వినిపించాయి. దిగి చూస్తే, ఆయన వాగు అవతల నిలబడి దుంగ వంక బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

"కంగారు పడకండి," అందామె, దుంగ మీద సగం దాకా వచ్చి చెయ్యి చాపుతూ. "కూర్చుని జరగండి. పిట్ట గూడు చూపిస్తాను, నా వెనకే రండి."