రాయబారి కోసం ఇల్లు

లాంబ్రీనిని పట్టుకుపోయినప్పుడు ఆమె చేతులకు ఇంకా తడిపిండి ఉంది.

"చేతులు కడుక్కుని వస్తాను" అంది.

"అక్కడ కడుగుతార్లే" అన్నాడు పోలీసు జమేదారు.

రొట్టెల బట్టీ దగ్గర ఊరి ఆడవాళ్ళంతా ఉన్నారు. తండ్రి థిమియోస్ మేస్త్రి సుత్తి పట్టుకుని గోడవారన నిలబడ్డాడు. జీవితంలో ఎన్ని బండల్ని పగలగొట్టాడో ఆ సుత్తితో! ఆ పూట మాత్రం అది చేతిలో ఉన్న సంగతే మరిచాడు. ఐదు తుపాకులు తన వైపు చూస్తుంటే ఎవడికైనా మరుపు వస్తుంది.

నేరమేమిటయ్యా అంటే, కొండమీది దళానికి రొట్టెలు కాల్చిందట. ఆ బట్టీ ఊరందరిదీ. పిండి ఊరందరిదీ. ఆ రొట్టెలు కాల్చని ఆడది ఆ ఊళ్ళో లేదు. నేరం మాత్రం ఒక్కదానిదైంది. సైనిక కోర్టు ఆమెను బందిపోటు అంది. బందిపోటుకు మరణశిక్ష.

అప్పటికి గ్రీసు దేశంలో రెండు ప్రభుత్వాలు. కింద పట్నాల్లో రాజుగారిది, దానికి పెద్ద దేశాలు విమానాలిచ్చాయి. పైన కొండల్లో మనది. దానికి మనం కొండంత ధైర్యమూ చిక్కుడుగింజలూ ఇచ్చాం. జర్మన్లను తరిమిన వాళ్ళే ఇప్పుడు రాజుగారికి బందిపోట్లు.

ఆ కొండ ప్రభుత్వానికి విదేశాంగ శాఖ అంటే ఒక మనిషి, ఒక నల్లకోటు, ఒక కంచరగాడిద. మనిషి పేరు అనెస్తిస్, ఒకప్పటి లాయరు. ఆ ముగ్గురిలో దౌత్యం బాగా తెలిసింది గాడిదకే. అది ఎవరేమన్నా ఔననేది కాదు, కాదనేది కాదు.

సరిహద్దు దాటబోయే ముందు అనెస్తిస్ ఆ ఊళ్ళో ఆగాడు. థిమియోస్ ఆయన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ద్రాక్షసారా పోశాడు.

"ఎక్కడికి లాయరుబాబూ, ఇంత ఇస్త్రీ చేసుకుని?"

"ఆవలి దేశపు మంత్రి దగ్గరికి, మేస్త్రీ. మనకన్నీ ఉన్నాయి. మంత్రులున్నారు, కోర్టులున్నాయి, బడులున్నాయి. మీదీ ఒక ప్రభుత్వమే అని పైకి చెప్పే దేశం మాత్రం ఒక్కటి లేదు."

"చెబితే ఏమవుద్ది?"

"అప్పుడిది రెండు ప్రభుత్వాల యుద్ధం. మనవాళ్ళు బందిపోట్లు కారు, యుద్ధఖైదీలు. యుద్ధఖైదీని కాల్చడానికి వీల్లేదు."

థిమియోస్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "మా పిల్లని కూడానా?"

"ఒక్క దేశం చాలు, మేస్త్రీ. ఒక్కటి."

మర్నాడు ఊరు ఊరంతా గుమిగూడింది. అది తాపీ మేస్త్రీల ఊరు. పక్క లోయలో నది పూర్వం నేలమీదే పారేదట. వీళ్ళ తాతలు దానిమీద వంతెన కట్టాక సిగ్గుపడి లోతుకు దిగిందట. అలాంటి ఊరు. దేశం గుర్తిస్తే రాయబారి వస్తాడు. వచ్చినవాడు ఎక్కడ దిగుతాడు? అతిథికి ఇల్లు చూపించలేని మేస్త్రీల ఊరా ఇది?

"ఎన్ని గదులు కావాలంటావు?" అన్నారు.

"మూడు. పడుకోవడానికి ఒకటి, తినడానికి ఒకటి, అబద్ధాలాడడానికి ఒకటి" అంది పొలిక్సేని. థిమియోస్ మరదలు ఆమె. అక్క పోయాక లాంబ్రీనిని పెంచింది ఆమే.

"చిక్కుళ్ళు తింటాడా ఆయన?"

"రాత్రి వచ్చే చప్పుళ్ళు దౌత్యం కిందకి రావులే, తింటాడు."

అందరూ నవ్వారు. థిమియోస్ నవ్వలేదు. అతను అప్పటికే లేచి పునాది గీత గీస్తున్నాడు.

అనెస్తిస్ కొండ దాటి వెళ్ళాడు. ఇల్లు లేచింది. ఆడవాళ్ళు వాగులోంచి వీపులమీద రాళ్ళు మోశారు. ముసలివాళ్ళు సున్నం కాల్చారు. విమానం చప్పుడైతే చెట్లలోకి పరిగెత్తడం, అది పోగానే వచ్చి ఆపిన చోటే తాపీ అందుకోవడం. థిమియోస్ ఒక్కొక్క రాయినీ తిప్పి తిప్పి చూసి పెట్టేవాడు. గోడ ఒక్క వేలెత్తు లేస్తే కూతురు ఒక్క వేలెత్తు బయటికొచ్చినట్టు ఉండేది అతనికి. వంకరగా పడ్డ వరసను విప్పి మళ్ళీ కట్టించాడు. తొందరపడి కడితే ఆమెకేమైనా అవుతుందని భయం. ఆలస్యమైతే ఇంకా భయం.

కప్పు నడిదూలం ఎక్కించిన రోజు ఆ ఊరి ఆచారం ఒకటుంది. దూలంమీద కొయ్య శిలువ నిలబెట్టి తాడు కడతారు. ఇంటికొక గుడ్డ తెచ్చి ఇస్తారు. రుమాలో, చొక్కాయో, ఏదో ఒకటి. పెద్దమేస్త్రి దాన్ని తాడుకు కట్టి, ఇచ్చినవాళ్ళ పేరు లోయంతా వినబడేలా అరిచి దీవిస్తాడు. ఆ గుడ్డలు పనివాళ్ళకు.

థిమియోస్ దూలంమీద నిలబడి అరుస్తున్నాడు. బక్కచిక్కిన మనిషిలో అంత గొంతు ఎక్కడ దాక్కుందో! కింద పొలిక్సేని ఎర్ర అంచున్న తలగుడ్డ ఒకటి చాచింది.

"బావా, ఇది పిల్లది. దాని పేరుమీద కట్టు."

అతను కట్టాడు. రెండుసార్లు ముడేశాడు.

"వినండహో! ఇది లాంబ్రీని ఇచ్చిన కానుక! దేవుడు ఆమెకు నిండు నూరేళ్ళు ఇవ్వాలి! ఈ గుమ్మంలోనే ఆమె పెళ్ళిభోజనాలు జరగాలి!"

"జరగాలి!" అంది ఊరు.

అప్పుడే దారి మలుపులో నల్లకోటు కనబడింది. వెనకాల ఎవరో లావుపాటి మనిషి. ఆడవాళ్ళు గబగబా ముందుగుడ్డలు సర్దుకున్నారు. ఎవరో టోపీ తీశారు. దగ్గరికొచ్చాక చూస్తే ఆ లావుపాటివాడు గాడిద తోలేవాడు.

"ఏం లాయరుబాబూ!" పైనుంచి కేకేశాడు థిమియోస్. "రాయబారి ఏడీ? ఏ గాడిదమీద వస్తున్నాడు?"

అనెస్తిస్ తలెత్తి చూశాడు. తాడుమీద గుడ్డలన్నీ గాలికి ఎగురుతున్నాయి.

"దిగు."

"అక్కణ్ణించే చెప్పరాదూ? అరిచి చెప్పలేని మాటా?"

"దిగు, బాబాయ్."

ఆయన థిమియోస్‌ను ఎప్పుడూ మేస్త్రీ అనే పిలిచాడు. బాబాయ్ అనడం అదే మొదలు. ఆ ఒక్క పిలుపుతో దూలంమీది మనిషికి సంగతి అర్థమైపోయింది. నెమ్మదిగా కూర్చున్నాడు. ఇద్దరు పైకెక్కి దించుకొచ్చారు.

సాయంత్రం కప్పులేని ఆ ఇంట్లోనే సభ జరిగింది.

"మంత్రి గది బయట కూర్చున్నాను" అన్నాడు అనెస్తిస్. "అక్కడ రేడియో ఉంది. రాజుగారి వార్తలు వస్తున్నాయి. కాల్చేసిన వాళ్ళ పేర్లు చదివారు. అందులో మన పిల్ల పేరు విన్నాను. ఇంతలో లోపలికి పిలిచారు."

"వెళ్ళావా?" అంది పొలిక్సేని.

"వెళ్ళాను. నవ్వుతూ చెయ్యి కలిపాను. అది నా పని."



"దుప్పట్లిస్తామన్నారు. మందులిస్తామన్నారు. గాయపడ్డవాళ్ళకి వైద్యం చేస్తామన్నారు. తలుపు వేసి కౌగిలించుకున్నారు కూడా. పైకి మాత్రం చెప్పరట. పెద్ద దేశాలకి కోపమొస్తుందట. ఇంకో మూడు దేశాల వాళ్ళని కలిశాను. అదే మాట."

"చాటుగా కౌగిలించుకుని వీధిలో మొహం తిప్పుకునేవాణ్ణి మా ఊళ్ళో ఏమంటారో తెలుసా, బాబూ?" అంది పొలిక్సేని. ఏమంటారో కూడా చెప్పింది. అది ఇక్కడ రాయను.

ఒక కుర్రవాడు గడ్డపార ఎత్తాడు. "కూల్చేద్దాం ఈ కొంపని!"

"దించరా" అన్నాడు థిమియోస్. సభలో అతను మాట్లాడిన మొదటి మాట. "రాయేం చేసింది నిన్ను? ఇళ్ళు తగలబడి అడవిలో పడుంటున్న వాళ్ళున్నారు. రేపు పెంకు వేసి వాళ్ళని దింపండి."

అనెస్తిస్ కోటు విప్పి బల్లమీద పెట్టాడు. "ఈ పని నావల్ల కాదు. ఇంకెవరినైనా పంపండి."

"జైళ్ళలో ఇంకా ఎంతమందున్నారు?" అని అడిగింది పొలిక్సేని.

"చాలామంది."

"వాళ్ళకి పిన్నమ్మలు లేరా? మా పిల్ల పోయిందని నువ్వు కోటు విప్పితే వాళ్ళనెవరు చూస్తారు? తొడుక్కో!"

"ఎక్కడికని వెళ్ళనమ్మా? అన్ని తలుపులూ తట్టాను."

"మంత్రుల తలుపులు తట్టావు" అన్నాడు థిమియోస్. "నీ తప్పు కాదు. మాదీ అదే తప్పు. పెద్దమనిషి వస్తాడని మూడు గదులు కట్టాం. ఆ దేశం మనకి కొత్తా? ప్రతి వసంతంలో మన తాపీ దండు పనికి వెళ్ళేది అక్కడికే కదా. వాళ్ళ బడులు మనం కట్టాం, వాళ్ళ కోర్టులు మనం కట్టాం. మంత్రికి మన మొహం తెలీదు. పక్కన నిలబడి సున్నం కలిపినవాడికి తెలుసు. వాడితో ఎవరైనా మాట్లాడారా?"

"మాట్లాడి?" అన్నాడొక ముసలాయన. "సున్నం కలిపేవాడు యుద్ధం ఆపుతాడా?"

"ఆపడేమో. వాడు తన మంత్రిని నిద్రపోనివ్వడు."

తెల్లారేదాకా వాదించుకున్నారు. ఏడ్చుకున్నారు. చివరికి వెళ్దామన్నారు.

తాపీ దండు బయల్దేరితే ఆడవాళ్ళు ఊరి చివర చిన్న గుడిదాకా సాగనంపి, అక్కడ ఏడ్చి, వెనక్కి తిరగాలి. ఎన్నో తరాల నుంచీ అంతే. ఆ రోజు గుడి దగ్గర పొలిక్సేని ఆగలేదు. మిగతావాళ్ళూ ఆగలేదు. థిమియోస్ వెనక్కి చూసి, మళ్ళీ నడక సాగించాడు.

సరిహద్దు చౌకీ దగ్గర ఆవలి దేశపు అధికారి అడ్డుకర్ర దించాడు. "లాయరుగారొక్కరు రావచ్చు. తక్కినవాళ్ళు పోండి."

"నేనొక్కణ్ణే వెళ్ళొచ్చాను. చాలు" అని అనెస్తిస్ ఆ మట్టిలోనే కూర్చున్నాడు. నల్లకోటుతోనే. వెనక దండంతా కూర్చుంది.

అడ్డుకర్రకు అవతల రోడ్డుకూలీలు కంకర కొడుతున్నారు. ఒకడు సుత్తి దించాడు. "మేస్త్రి థిమియోస్ కదూ? ఏంటి మేస్త్రీ, రోడ్డుమీద కూర్చున్నారు?"

"పని చూసుకోండి!" అని అరిచాడు అధికారి.

థిమియోస్ లేచాడు. టోపీ తీసి చేతిలో నలిపాడు.

"నాకొక కూతురు" అన్నాడు. "పేరు లాంబ్రీని..."

ఆపైన మాట రాలేదు. పొలిక్సేని లేచి అతని పక్కన నిలబడింది. ఆ పిల్లని ఎలా పెంచిందో, ఎలా పట్టుకుపోయారో, ఎందుకు కాల్చారో చెప్పసాగింది. ఒక్కొక్క సుత్తీ ఆగింది. అధికారి టెలిఫోను తిప్పుతూ అరుస్తున్నాడు. ఎవడూ మళ్ళీ సుత్తి ఎత్తలేదు. రోడ్డు పొడుగునా దూరంగా ఉన్న కూలీలు కూడా ఏమైందో అనుకుంటూ అటే నడిచి వస్తున్నారు.

పొలిక్సేని చెప్పడం అయిపోయింది. ఆమె కూర్చోగానే వెనక వరసలోంచి ఇంకో తల్లి లేచి, జైల్లో ఉన్న తన కొడుకు పేరు చెప్పింది.