అత్త ఆయుష్షు

అత్తకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. జీవితమంతా బట్టలు కుట్టి కొనుక్కున్న రెండు గదుల ఇల్లు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. పిల్లలూ లేరు. మొగుడితో తెగతెంపులు చేసుకుని వచ్చిన మేనకోడలిని తన దగ్గరే ఉంచుకుంది. "నా తర్వాత ఇల్లు దీనిదే" అని ఎదురింటివాళ్ళకు కూడా చెప్పేది.

మందులకూ, ఫిజియోథెరపీకీ, పగటిపూట చూసుకునే మనిషికీ బట్టల కొట్టులో మేనకోడలి జీతం ఏ మూలకూ రాలేదు. చివరికి మేనకోడలే బ్యాంకు ఆఫీసర్ని ఇంటికి పిలిపించింది. ఆయన మంచం పక్కకు కుర్చీ లాక్కుని ఓపిగ్గా చెప్పాడు.

"ఇల్లు తాకట్టు పెడితే నెలనెలా మేమే మీకు డబ్బిస్తామమ్మా. మీరున్నన్నాళ్ళూ మిమ్మల్నెవరూ కదిలించరు. తర్వాత ఇల్లు అమ్మి, అప్పూ వడ్డీ పట్టుకుని, మిగిలింది మీ మేనకోడలికిస్తాం."

"నేను చాలాకాలం బతికితే?" మాట ముద్దగా వచ్చింది.

"అంతకంటే అదృష్టమేముందమ్మా!"

"ఎవరికి?" అంది అత్త.

ఆయన నవ్వేశాడు. మేనకోడలు నవ్వలేదు. అయినా బతిమాలి, ఏడ్చి, అత్తచేత ఎడమచేతి వేలిముద్ర వేయించింది.

డబ్బు రావడం మొదలైంది. కొన్నాళ్ళకు అత్త కుడిచేతి పిడికిలి బిగించగలిగింది. ఫిజియోథెరపిస్టు సంబరపడిపోయి, "ఇలాగే చేస్తే ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అన్నాడు.

మర్నాడు అత్త చెయ్యి చాపలేదు. అతన్ని ఇక రావద్దంది. తర్వాత మాత్రలు నాలుక కింద దాచి, ఎవరూ లేనప్పుడు ఉమ్మేయసాగింది.

"ఏంటత్తా ఈ పని? చిన్నపిల్లవా?"

"నేను తినే ప్రతి ముద్దా నీ గోడలోంచి ఊడే ఇటికేనే, పిల్లా."

"నాకు ఇల్లొద్దు. నువ్వుండు, చాలు."

"నేనెలాగూ పోయేదాన్నే. ఆ తర్వాత ఎక్కడుంటావు? మీ ఆయన గుమ్మంలోనా?"

మేనకోడలు ఒట్టు పెట్టింది, అలిగింది, తనూ పస్తులుంది. బ్యాంకుకు వెళ్ళి తాకట్టు రద్దు చేయమని అడిగింది. తీసుకున్నది కట్టేస్తేనే అన్నారు. అది అప్పటికే వైద్యానికి కరిగిపోయింది. చెంచా కనబడితే చాలు, అత్త మొహం గోడవైపు తిప్పుకునేది. వర్షాలు మొదలవకముందే పోయింది.

ఇల్లు అమ్ముడయ్యాక ఆఫీసర్ ఆమెను బ్యాంకుకు పిలిపించాడు. పాపం, మంచివాడే. శుభవార్త చెబుతున్నాననుకున్నాడు.

"పెద్దావిడ తొందరగా పోవడంతో అప్పు పెరగలేదు. మీకు బాగానే మిగిలిందమ్మా. చిన్న గదైనా కొనుక్కోవచ్చు."

ఆమె ఆయనిచ్చిన కాగితంలోని అంకెనే చూస్తూ కూర్చుండిపోయింది. వెనక నిలబడినవాళ్ళు విసుక్కుంటున్నారు. ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడు.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారామ్మా? ఫోన్ చేయమంటారా?"

"ఉండేదండీ" అందామె.